రాగి బిందె సంగతి ఉస్తాద్‌కు తెలుసు

మా ఉస్తాద్ పోయారు. నల్లగొండ దవాఖానలో నాలుగు రోజులు ఉన్నారు. ఐదో రోజు పొద్దున ఫోన్ వస్తే తమ్ముడు ఎత్తాడు. విన్నాడు. బయటికి వెళ్లి, ఇంటి ముందు ఆగి ఉన్న పికప్ బండి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను పూజ ముగించుకుని వెళ్లేసరికి, నా వైపు తిరగకుండానే, "ఉస్తాద్ లేడక్కా" అన్నాడు.

ఆయన మాకు చుట్టం కాదు. దేవరకొండ రోడ్డు మీద మా ఊరు దాటగానే ఒక రేకుల షెడ్డు ఉంటుంది. అందులో డీజిల్ బండ్లు బాగుచేసే మెకానిక్. చిన్నతనంలో హైదరాబాదులో పని నేర్చుకుని వచ్చారు. అక్కడ నేర్పినాయనను ఉస్తాద్ అనేవారట. ఆ పిలుపు ఇక్కడ ఈయనకు వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్ద. ఊళ్లో చిన్నా పెద్దా నన్ను అక్క అంటే, ఆయన ఒక్కరే చెల్లె అనేవారు.

ఆయన తీరు కొంచెం వేరు. ఏదైనా అడిగితే వెంటనే చెప్పరు. చేతిలోని పానా కింద పెట్టి, గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుని, అప్పుడు నోరు విప్పేవారు. కోపంగా వచ్చిన డ్రైవర్లు ఆ పది వేళ్లూ తుడవడం అయ్యేలోపే సగం చల్లబడేవారు. "ఇంజను అబద్ధమాడది చెల్లె. దాన్ని తోలుకొచ్చినోడు ఆడుతడు" అని నవ్వేవారు. తమ్ముడు బండి ఎక్కువ లోడు వేసి తెచ్చిన రోజున ఈ మాట నా ముందరే అన్నారు. తమ్ముడు తల గోక్కున్నాడు.

బాపు పోయాక తమ్ముణ్ణి పెంచింది నేను. తెలంగాణ వచ్చిన కొత్తలో వాడు పాత పికప్ ఒకటి కొన్నాడు. మా వైపు తోటల్లో తెంపిన బత్తాయిలు హైదరాబాదు మార్కెట్‌కు తోలడం వాడి పని. మా ఇంటి పొయ్యి ఆ బండి మీదనే వెలిగేది.

ఆ తర్వాత కొన్నాళ్లకు పక్క మండలంలో ఒకాయన కానుగ డీజిల్ తయారు చేయడం మొదలుపెట్టాడు. మాకు రోడ్ల పక్కన, చెలకల గట్ల మీద కానుగ చెట్లు బాగా ఉంటాయి. ఎండాకాలంలో కూలి పని దొరకని ఆడవాళ్లు కాయలు ఏరి, కొట్టి, గింజలు తీసి ఆయన షెడ్డుకు వేసేవారు. గానుగ పట్టిన నూనెను నేరుగా బండిలో పోస్తే ఇంజను చెడుతుంది. ఆయన దానికి మందులు కలిపి కాచి, అడుగుకు దిగిన జిడ్డు తీసేసి, నీళ్లతో కడిగి, తడి పోయేదాకా ఆరబెట్టేవాడు. అప్పుడది డీజిల్ లాగా పలుచనయ్యేది. చదువుకున్నవాళ్లు దాన్ని బయోడీజిల్ అంటారు. మాకు కానుగ డీజిలే.

తమ్ముడు ఒక సీసాలో తెచ్చి ఉస్తాద్‌కు చూపించాడు. ఆయన రెండు వేళ్ల మధ్య రాసి చూశారు, వాసన చూశారు, మూత బిగించి అటక మీద పెట్టారు.

"ఏమాయె ఉస్తాద్, పోద్దామా వద్దా?"

"పది దినాలు ఆగు తమ్మీ. గది ఏమంటదో విందాం."

పది రోజులకు సీసాలో నూనె అలాగే తేటగా ఉంది. అడుగున నీరు దిగలేదు. అప్పుడు షెడ్డు వెనక ఉన్న తన పాత ఆయిల్ ఇంజనులో పోసి నడిపారు. అదీ బాగానే నడిచింది. ఆ తర్వాతే తమ్ముడి బండి ముట్టుకున్నారు. ముందు పాత రబ్బరు పైపులు తీయించారు, ఈ నూనెకు అవి ఉబ్బి కారుతాయని. మొదట మామూలు డీజిల్‌తో కలిపి ఇరవై పాళ్లలో ఒక పాలు. కొన్నాళ్లు పోయాక ఐదు పాళ్లలో ఒకటి. అంతకు మించి వద్దన్నారు.

మొదటి నెలలోనే బండి గునిసింది, ఆగి ఆగి నడిచింది. ఉస్తాద్ ఫిల్టర్ విప్పి తెల్లగుడ్డ మీద బోర్లిస్తే నల్లటి బురద. తమ్ముడి ముఖం మాడిపోయింది.

"ఖరాబు చేసిందే ఉస్తాద్, నీ కానుగ నూనె."

"ఖరాబు చెయ్యలే, కడిగింది. నీ ట్యాంకుల ఇన్నేండ్ల సంది పేరుకున్న మురికిరా గిది. కడిగినంక నీళ్లు నల్లగ రావా?"

కొత్త ఫిల్టర్ వేశాక మళ్లీ ఆ బాధ రాలేదు. పొగ తగ్గింది. కాకపోతే ఆ పొగ మూకుడులో నూనె కాగినట్టు వాసన వచ్చేది. తమ్ముడు అదీ ఒక ఫిర్యాదుగా చెప్పాడు.

"బజ్జీల వాసనొస్తాంది ఉస్తాద్."

"మంచిదే గదరా. ఆకలైనోడల్ల నీ బండెనక వస్తడు. బత్తాయిలు తొవ్వలనే అమ్ముడువోతయ్."

చూసి చూసి ఇంకో పది మంది డ్రైవర్లు కానుగ డీజిల్ కలపడం మొదలుపెట్టారు. ఆ షెడ్డాయన నిలదొక్కుకున్నాడు. గింజలు ఏరే ఆడవాళ్లకూ ఒక ఆసరా అయింది.

ఇక నా సంగతి చెప్పాలి. ఉస్తాద్ బతికి ఉండగా రాసి ఉంటే ఇది రాయనిచ్చేవారు కాదు.

ఒక ఎండాకాలం కాత అయిపోయి బండి ఇంటి ముందే ఉంది. వాకిట్లో పెట్టిన కానుగ డీజిల్ క్యాన్ ఎండకు చిట్లి బొట్లు బొట్లుగా కారుతోంది. తమ్ముడు ఊళ్లో లేడు. ఇంట్లో ఖాళీగా ఉన్నది అమ్మ నాటి రాగి బిందె ఒకటే. రాగిలో పోసినది చెడదని చిన్నప్పటి నుంచి విన్నాను. దేవుడికి నీళ్లు రాగి చెంబులోనే పెడతాను. ఇంకేమీ ఆలోచించలేదు. నూనె అంతా బిందెలో పోసి, పళ్లెం మూసి, వంటింటి వెనక పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

నెలన్నర అలాగే ఉంది. కొత్త క్యాన్ వచ్చాక, తమ్ముడు పొలంలో ఉన్నప్పుడు, నేనే మళ్లీ అందులో పోశాను. నూనె కొంచెం పచ్చగా తిరిగింది, కొంచెం చిక్కబడింది. కానుగ ఆకు రంగే కదా అనుకున్నాను. బిందెను చింతపండుతో తోమి గోడ పక్కన బోర్లించాను. క్యాన్ చిట్లిందని తమ్ముడికి చెప్పాను గానీ, నూనె దేంట్లో ఉంచానో చెప్పాలని తోచలేదు.

కొత్త కాత మొదటి లోడుకు తమ్ముడు ఆ నూనె కలుపుకుని బయలుదేరాడు. హైదరాబాదు దారిలో ఎత్తు ఎక్కుతుంటే బండి ఆగిపోయింది. ఫిల్టర్ మారిస్తే నాలుగు మైళ్లు పోయి మళ్లీ ఆగింది. పొద్దంతా బత్తాయిలు ఎండలో ఉడికాయి. తోట రైతు ముందు తమ్ముడు తలదించుకోవలసి వచ్చింది. ఇంకో బండికి తాడు కట్టి పికప్‌ను ఉస్తాద్ షెడ్డుకు లాక్కొచ్చారు.

ఇంటికి వచ్చిన తమ్ముణ్ణి నేను ఎన్నడూ అలా చూడలేదు. "ఆడు కల్తీ చేసిండక్కా. నమ్మి పోసుకుంటే నా నోట్ల మన్ను కొట్టిండు. రేపు పొద్దుగాల పోతున్నం, ఆని షెడ్డుకు తాళం ఏపిస్తం" అన్నాడు. అప్పటికే డ్రైవర్లందరికీ ఫోన్లు పోయాయి. ఎవరూ ఆ నూనె ముట్టవద్దని.

ఆ సాయంత్రం ఉస్తాద్ మా ఇంటికి వచ్చారు. తమ్ముడు బయటికి పోయి ఉన్నాడు. గుమ్మం దగ్గరే కూర్చుని మంచినీళ్లు అడిగారు. నీళ్లు తాగుతూ గోడ పక్కన బోర్లించిన బిందె వైపు చూశారు. లేచి వెళ్లి, దాన్ని ఎత్తి, లోపల ముక్కు పెట్టి వాసన చూశారు. తీసిన చోటే పెట్టారు.

"గిండ్ల నూనె ఎన్నొద్దులున్నదే చెల్లె?"

ఎందుకు అడిగారో నాకు అర్థం కాలేదు. నెలన్నర అని చెప్పాను. ఆయన చేతులు తుడుచుకున్నారు. ఆ రోజు చేతులకు గ్రీజు లేదు. అయినా తుడుచుకున్నారు.

"ఫిల్టర్ల పచ్చగ జిగురు పట్టింది. రాగి తగిలితెనే గట్ల పడతది. గీ నూనెకు రాగి పడది, ఇత్తడి పడది. తొందరగ చెడగొడతయ్."

బాపు పోయిన నాటి నుంచి ఈ ఇంట్లో నా మాట మీద ఎవరూ మాట అనలేదు. తమ్ముడు నాకు ఎదురు చెప్పి ఎరగడు. వాడి బండిని ఆపింది నేనే అని వాడితో ఎట్లా అనాలి? "అన్నా, జర..." అని ఆగిపోయాను. ఏం అడగబోయానో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

"నేనైతె ఎవ్వలకు చెప్ప. నా నోటెంట రాది" అన్నారు. చెప్పులు వేసుకుని, వాకిట్లోకి వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగారు. "గని చెల్లె, ఆయనకు గా షెడ్డు తప్ప ఇంకేం లేదు. రేపు పొద్దుగాల మనోళ్లు నా షెడ్డు కాడికెల్లే బయలెల్లుతరు."

అంతే. వెళ్లిపోయారు.

తెల్లవారి దీపం వెలిగించాను. చేతులు జోడించాను గానీ ఏ మంత్రమూ నోటికి రాలేదు. చెంబులో దేవుడికి నీళ్లు పోయబోతే చెంబు బరువుగా అనిపించింది. పూజ సగంలో ఆపి, కొంగు చుట్టుకుని, ఉస్తాద్ షెడ్డుకు నడిచాను. నా ఎరుకలో పూజ మధ్యలో లేచింది ఆ ఒక్కసారే.

తమ్ముడు, ఇంకో నలుగురు డ్రైవర్లు మోటారు సైకిళ్ల మీద ఉన్నారు. నన్ను చూసి తమ్ముడు దిగాడు.

"ఏమైందక్కా?"

"ఆయన కల్తీ చెయ్యలేదురా. నేను రాగి బిందెల పోసిన, గందుకే చెడింది."

అందరి ముందరే చెప్పాను. పక్కకు పిలిస్తే చెప్పకుండానే తిరిగి వెళ్లిపోయేదాన్ని. ఒక డ్రైవరు నవ్వబోయి, ఉస్తాద్ చూపు చూసి ఆగిపోయాడు.

ఉస్తాద్ పానా కింద పెట్టారు. వేళ్లు తుడుచుకోలేదు. "తప్పు నాదిరా" అన్నారు. "నూనె ఎట్ల కలపాల్నో, పైపులు ఎట్ల మార్చాల్నో నీకు చెప్పిన. ఇంట్ల దాన్ని దాసేది ఎవ్వలు? అక్క. అక్కకు చెప్పిన్నా? లే. బండికి చెప్పిన, ఇంటికి చెప్పలే."

తమ్ముడు మోటారు సైకిల్ తిప్పి నా పక్కన ఆపాడు. "ఇగ పా అక్కా, ఆయన కాడికి పోదాం" అన్నాడు. ఆ మాటలో ఉన్నది కోపమో మరేదో నేను అడగలేదు.

ఉస్తాద్ షెడ్డు మూసి మాతో వచ్చారు. కానుగ డీజిల్ ఆయన మమ్మల్ని చూసి గుమ్మంలోనే నిలబడ్డాడు. డ్రైవర్ల ఫోన్ల సంగతి ఆయనకు ముందే చేరింది. తమ్ముడు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను బిందె సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన విని, గడప మీద కూర్చుని నవ్వాడు.

"అక్కా, నువ్వు నయం. తెల్వక చేసినవ్. నేను అంత సదివి, మొదటి డ్రమ్ముకు ఇత్తడి నల్లా పెట్టుకున్న. డ్రమ్ము డ్రమ్మే పారవోసిన."

అందరం చాయ్ తాగాం. తమ్ముడు అక్కడే కూర్చుని, ఎవరెవరికి ఫోన్ చేశాడో వాళ్లందరికీ మళ్లీ చేశాడు. "మా ఇంట్లనే తప్పయింది" అన్నాడు. అక్క పేరు తీయలేదు.

ఆ తర్వాత ఉస్తాద్ ఒక కొత్త పని పెట్టుకున్నారు. కానుగ డీజిల్ మొదలుపెట్టే ప్రతి డ్రైవరు ఇంటికీ ఒకసారి వెళ్లేవారు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "రాగి, ఇత్తడి ముట్టియ్యకుండ్రి. మూత బిగియ్యుండ్రి. నెలకంటె ఎక్కువ ఉంచకుండ్రి" అని ఆడవాళ్లకు చెప్పి వచ్చేవారు. ఎందుకని వాళ్లు అడిగితే, "ఒక కాడ ఖరాబైంది" అనేవారు. ఎక్కడో చెప్పేవారు కాదు. ఇన్నేళ్లలో ఒక్కరి దగ్గరా మా ఇంటి మాట ఆయన నోట రాలేదని, ఆయన పోయాక పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే నాకు తెలిసింది. ఇచ్చిన మాట అంత కాలం ఎవరు కాపాడతారు? ఆయన ఆత్మకు శాంతి కలగాలని రోజూ మొక్కుతున్నాను. ఇంతకంటే పెద్ద మొక్కు నాకు రాదు.

ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి కుండ పట్టింది. పాడె లేపేటప్పుడు ముందర కుడివైపు తమ్ముడు భుజం పెట్టాడు. ఎడమవైపుకు ఎవరో రాబోతుంటే, జనంలోంచి కానుగ డీజిల్ ఆయన వచ్చి భుజం పెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తమ్ముడు బాగా పొడుగు, ఆయన పొట్టి. పాడె ఒక పక్కకు ఒరిగింది. అది చూసి తమ్ముడు మోకాళ్లు మడిచి, నడుము వంచాడు. పాడె సమంగా అయింది. ఊరి బయట కాటి వైకుంఠధామం దాకా వాడు అలాగే వంగి నడిచాడు.