పెట్టె మూత లోపలి వీధి

సముద్రం అవతలి వీధిని చూడటానికి మీరు బీదరు బస్సెక్కుతారా? నేనెక్కాను. తీర్థయాత్రలను వెక్కిరిస్తూ వ్యాసాలు రాసేవాడు కాగితం ముక్క కోసం ప్రయాణం కట్టడమేమిటని మిత్రులు నవ్వారు. జపాను కళాకారులు పరదేశాల వీధులను చెక్కపై చెక్కి, అచ్చువేసిన బొమ్మలు నేను పోగుచేస్తాను. నా వరుసలో సింగపూరు వాన వీధి ఒక్కటే లేదు. అలాంటిదొకటి బీదరులో తన మేనత్త దగ్గరుందని మా వీధి క్లినిక్కు కాంపౌండరు చెప్పాడు.

పొద్దున ఆరింటికి హైదరాబాదులో బయలుదేరాను. జహీరాబాదులో చాయ్, రెండు బన్నులు. పక్క సీట్లో, బీదరులోని ధాన్యం మార్కెట్టు గాంధీ గంజ్‌కు పోతున్న కందుల వ్యాపారి నా పని విని, "బొమ్మ కోసం ఇంత దూరమా సారూ? గంజ్‌ల కేలండర్లు ఉత్తగనే ఇస్తరు," అన్నాడు. కాసేపటికి మైలురాళ్ళ మీద కన్నడం మొదలైంది. పదిన్నరకు బీదరులో దిగాను.

కాంపౌండరు మేనత్త రత్నమ్మ మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి మానుకున్నావిడ. జొన్నరొట్టె, పప్పు పెట్టాకే తన బట్టల ట్రంకుపెట్టె తెరిచింది. ఇష్టమైన బొమ్మను పెట్టె మూత లోపల అంటించుకోవడం అక్కడి ఆడవాళ్ళ అలవాటు. తడిసిన రోడ్డు, గొడుగులు, నీళ్ళలో వణికే పసుపు దీపాలు. ఏళ్ళ తరబడి వెతికిన వీధి అదే.

రత్నమ్మ పడుచుతనంలో, పైచదువుకు ఆ ఊరికే తీసుకుపోతానని దొరసాని డాక్టరు ఈ బొమ్మ ఇచ్చిందట. పెళ్ళికాని పిల్ల సముద్రం దాటడమేమిటని చర్చి సంఘపెద్దలు బైబిలు వాక్యం చదివి మరీ ఆపారట. మన శాస్త్రులూ ఇలాగే ఆపుతారు. చేతిలో పుస్తకం వేరు, తలుపుకు వేసే గడియ ఒకటే.

"తీస్కపో తమ్మి," అంది. "ఇగ నేనేడికి పోత?"

అంచును గోటితో తడిమి చూశాను. మైదా జిగురు కాగితంలోకి ఇంకిపోయింది. తడిపితే రంగులు కరుగుతాయి, లాగితే దీపాలు చిరుగుతాయి. "ఇది ఊడి రాదు అక్కా," అన్నాను. ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. తర్వాత అడిగింది:

"ఆ తొవ్వల వాన వాసన మన దాని లెక్కనే ఉంటదా?"

నేనూ ఆ ఊరు చూడలేదని, అసలు దేశమే దాటలేదని చెప్పాను.

"గిన్ని బొమ్మలు పెట్టుకొని నువ్వు గూడ నా లెక్కనేనా," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నాలుగింటి బస్సులో తిరిగొస్తుంటే, బొమ్మ చుట్టుకుందామని తెచ్చిన అట్టగొట్టం ఖాళీగా ఒళ్ళో దొర్లుతోంది. నా వరుసలో ఆ జాగా అలాగే ఉండిపోతుంది. ఉండనీ. మీ ఇంట్లో ఆడపిల్ల ఒక ఊరి పేరు చెబితే మాత్రం, ఆ ఊరి బొమ్మ చేతికిచ్చి ఊరుకోబెట్టకండి. వాక్యాలూ శ్లోకాలూ పక్కన పెట్టి, ఆ ఊరికి టికెట్టు కొనివ్వండి.