పొర ఒలవని కిడ్నీ

కిడ్నీ వైద్యంలో మూడేళ్ల పైచదువుకి విశాఖపట్నంలో చేరిన మొదటి రోజున, వార్డులో ఉన్న పేషెంట్లందరూ నన్ను చూసి లేచి కూర్చున్నారు. నా వెనకే వస్తున్న మేడంని ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ ఆ విభాగానికి పెద్ద, నాకు గురువు, నాకంటే ఆరేడేళ్లు చిన్న. నా జుట్టు అప్పటికే సగం తెల్లబడింది. ఒక ముసలాయన నాకు దండం పెట్టి, ఆవిడ వైపు చూపించి, "ఈ పాప మీ కాడ నేర్సుకుంతందేటి బాబూ?" అని అడిగాడు. నేను కాదనలేదు. మేడం కూడా కాదనలేదు. ఆ సాయంత్రం వరకూ వార్డులోని మూత్రం కొలతలన్నీ నా చేతే తీయించింది.

అంతకుముందు పదిహేనేళ్లు అనకాపల్లిలో ప్రాక్టీసు చేశాను. చెరకు రైతులు, అచ్యుతాపురం కంపెనీ బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు, కాళ్లు పొంగాయని ఒకరు, మొహం ఉబ్బిందని ఒకరు. రక్తపరీక్ష చూసి కిడ్నీ దెబ్బతిందని చెప్పగలిగేవాణ్ణి. ఎందుకు దెబ్బతిందంటే మాత్రం నా దగ్గర జవాబుండేది కాదు. అది తేలాలంటే వీపులోంచి సూది పంపి, కిడ్నీలో దారప్పోగంత ముక్క తీసి పరీక్షించాలి. బయాప్సీ అంటారు. దానికోసం విశాఖపట్నం వెళ్లమని చీటీ రాసిచ్చేవాణ్ణి. అలా నేను పంపినవాడొకడు వెళ్లకుండా ఊడుపులు, కోతలు అన్నీ కానిచ్చుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. "అంత దూరం ఎవులెల్తారు బాబూ, మీరే సూడండి" అన్నాడు. చూశాను. అప్పటికి డయాలసిస్ తప్ప మరేదీ మిగల్లేదు. ఆ వారమే ఎంట్రన్సు పుస్తకాలు తెప్పించుకున్నాను. పార్సిలు విప్పిన మా ఆవిడ అవి మా అబ్బాయివి అనుకుని వాడి బల్ల మీద పెట్టింది. వాడు భయపడిపోయాడు.

మా ఊళ్లో కోతలు కోస్తానని నాకో పేరుంది. డాక్టరుగా వచ్చిన పేరు ఆ తర్వాతది. తుపాను రోజున నా స్కూటరు గాలికి లేచిపోయి, మర్నాడు కశింకోటలో ఒక పశువుల శాల ముందు స్టాండు వేసి, హ్యాండిల్ లాక్ చేసి కనబడిందన్న సంగతి ఇప్పటికీ షేర్ ఆటోల్లో తిరుగుతోంది. లాక్ సంగతి నేను చెప్పలేదు. ఎవరో కలిపారు.

బయాప్సీ నేర్చుకునేవాడు మొదటి సూదిని మనిషి మీద పెట్టకూడదు. చెయ్యి ముందే అలవాటు పడాలి. గడువు దాటిన సూదులు రెండు మేడం ఇచ్చింది. ఇక కావలసింది మేక కిడ్నీ. మా ఊరి బజారు సందులో మటన్ షాపు భాయ్ నాకు పాత పేషెంటు, బీపీ మాత్రలు నా దగ్గరే తీసుకుంటాడు. నిజం చెప్పొచ్చు. కానీ నిజం చెప్పాలంటే నలభై అయిదేళ్ల వయసులో మళ్లీ స్టూడెంటునయ్యానని కొట్టు ముందున్న పదిమందికీ చెప్పాలి.

"గుర్దాలొకటేనా సాబ్? మాంసం ఒద్దా?" అన్నాడు భాయ్.

"ఢిల్లీ నుంచి ఒక పెద్దమనిషి మా ఇంట్లో దిగాడు భాయ్. పొద్దున్నే మేక కిడ్నీ పడకపోతే ఆయనకి ఎడం కన్ను తెరుచుకోదు."

"యా అల్లా! మరి కుడి కన్నో?"

"అది శాకాహారి."

కొట్టు కొట్టంతా నవ్వింది. భాయ్ మాత్రం ఆ పెద్దమనిషిని మనసులో పెట్టుకున్నాడు. సెలవు దొరికిన రోజల్లా నేను వెళ్లేసరికి రెండు కిడ్నీలు తళతళలాడుతూ పక్కన ఉండేవి. ఇంటికి తెచ్చి, లావుపాటి ఆనపకాయ చీల్చి, గుజ్జు తోడేసి, మధ్యలో కిడ్నీ పెట్టి, చుట్టూ సగ్గుబియ్యం జావ గట్టిగా కాచి పోసేవాణ్ణి. చల్లారాక ఆనపకాయ రెండు సగాలూ కలిపి కట్టి, పైనుంచి సూది దించేవాణ్ణి. తొక్క మనిషి చర్మంలా ఎదురుతిరుగుతుంది, జావ మెత్తగా దారిస్తుంది, కిడ్నీ గట్టిగా తగులుతుంది. తగలగానే సూది పిడికున్న మీట నొక్కితే టప్‌మని ముక్క వస్తుంది.

"ఊళ్లో ఆనపకాయలన్నీ మీరే కోసెత్తే మాం పులుసు దేంతో పెట్టుకోవాల?" అనేది మా ఆవిడ. అయినా జావ తనే కాచేది. నేను కాస్తే ఉండలు కట్టేది.

నెల తిరిగేసరికి నా ముక్కలు ఒక్కటీ తప్పడం లేదు. ఆ ధీమాతోనే మొదటి బయాప్సీకి నిలబడ్డాను. పేషెంటు బోర్లా పడుకుంది, పొట్ట కింద దిండు. స్కానింగు తెర మీద సూది మొన మసగ్గా ఉంది. నా కళ్లద్దాల్లో పై సగం తెరకి, కింది సగం చేతికి; మెడ కోడిమెడలా పైకీ కిందికీ ఆడుతోంది. చేతికి ఏదో అడ్డు తగిలింది. మా ఇంట్లో తగిలినట్టే తగిలింది. నొక్కాను.

ముక్క పసుప్పచ్చగా మెరుస్తూ ఉప్పునీటి మీద తేలింది.

"కొవ్వు తీశారు డాక్టరు గారూ," అంది మేడం చల్లగా. "బావుంది. ఆవిడ దానికోసం రాలేదు." గ్లవ్స్ తొడుక్కుని తనే ముక్క తీసింది. బయటికొచ్చాక గొంతు పెంచకుండానే చెప్పింది: "వచ్చే నెల ఇంకొకటి ఇస్తాను. అదీ ఇలాగే అయితే మీరు సూది వదిలేసి మందులు రాసుకోండి. ఆ చదువూ చదువే."

సూది లేకుండా తిరిగొస్తే మళ్లీ విశాఖపట్నానికి చీటీలు రాయడమే. రైల్లో అనకాపల్లి దాకా బొటనవేలితో గాల్లో మీట నొక్కుతూ కూర్చున్నాను. పక్క సీటాయన నా ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు.

ఆదివారం షాపు దగ్గర నిలబడితే సంగతి కంటబడింది. భాయ్ కిడ్నీని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో ఒక్క లాగు లాగాడు. చుట్టూ ఉన్న తెల్లటి కొవ్వు, దాని కింది పల్చటి పొర కలిసి ఊడొచ్చాయి. అతిథికని శుభ్రం చేస్తున్నాడు. మొదటి రోజు నుంచీ అలాగే చేస్తున్నాడు. నా ఆనపకాయలో సూదికి మొదట తగిలే గట్టిదనం కిడ్నీయే. మనిషిలో ముందు కొవ్వు అడ్డొస్తుంది, తర్వాత పొర అడ్డొస్తుంది, ఆ తర్వాతే కిడ్నీ. ఆ రెండూ లేకుండా నెలరోజులు సాధన చేశాను.

"భాయ్, ఇకనుంచి ఒలవకు. కొవ్వుతోనే ఇయ్యి."

కత్తి ఆగింది. "కొవ్వుతోటా? ఢిల్లీ సాబ్ నోట్లో అదేటి ఎడతారు? నా షాపు పరువేటవ్వాల?"

"ఢిల్లీ సాబూ లేడు, ఎవరూ లేరు. నేనే విశాఖపట్నంలో చదువుకుంటున్నాను. ఆనపకాయలో కిడ్నీ పెట్టి సూదితో పొడుస్తున్నాను, చెయ్యి అలవాటవడానికి."

కొట్టు ముందు తెరలు తెరలుగా నవ్వు. చెరకు రైతొకాయన, నన్ను బావా అని పిలిచేవాడు, స్తంభం పట్టుకుని మరీ నవ్వాడు. "స్కూటరు కన్నా ఇది బాగున్నాది బావా! ఆనపకాయలో మేక కిడ్నీ! ఈ తెల్ల జుట్టుకి సదువు!"

"నిజం బావా."

"స్కూటరప్పుడూ ఇదే మాటన్నావు."

ఎంత చెప్తే అంత పెద్ద కథగా వినపడుతోంది. భాయ్ కొవ్వు తియ్యకుండా ఇయ్యనే ఇయ్యనన్నాడు. ఆఖరికి, "కొట్టు కట్టేసి మా ఇంటికి రా. చూసి అప్పుడు నవ్వు" అన్నాను.

వచ్చాడు. కొవ్వు ఒలవని కిడ్నీ ఒకటి కవర్లో పెట్టుకుని, పందెం కట్టినవాడిలా వచ్చాడు. మా ఆవిడ జావ కలుపుతుంటే గుమ్మంలోనే ఆగిపోయాడు. బల్ల మీద ఆనపకాయ, సూది, తెరిచిన పుస్తకం. నేను సూది దించి చూపించాను. కొవ్వులో మెత్తగా ఆగింది. నొక్కలేదు. ఇంకొంచెం తోశాను. పొర దగ్గర సన్నగా బిగిసింది. అప్పుడు నొక్కాను.

భాయ్ ఆ ముక్కని దగ్గరగా చూశాడు. "ఇంతేనా? కత్తికిత్తే నాను ఒక్క దెబ్బకి మొత్తం తీసిత్తాను గదా సాబ్. ఇంత తిప్పలేటికి?"

"మనిషి బతికుండగా తియ్యాలి భాయ్. తీశాక ఆ మనిషి లేచి ఇంటికెళ్లాలి."

అతను చెయ్యి వెనక్కి తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. "మరి పరీచ్చలో తప్పితే?" అన్నాడు.

"తప్పను."

ఆ మాటకి మా ఆవిడ జావ గరిటె ఆపి నావైపు చూసింది. నేనెప్పుడూ ఇంత పొట్టిగా మాట్లాడనని ఆవిడకి తెలుసు.

ఆ నెలంతా కొవ్వుతో, పొరతోనే చేశాను. కొవ్వు దగ్గర ఆగిన ప్రతిసారీ వేలు మీట మీదికి పోయేది. వేలిని ఆపడమే నేర్చుకున్నాను. చేతులు కడిగి పుస్తకం, పుస్తకం మూసి ఆనపకాయ. కళ్లు మూసుకుని కూడా చేశాను, తెర మోసం చేసినా వేలు తప్పకూడదని.

మేడం ఇచ్చిన రెండో పేషెంటు కశింకోట వైపు ఆవిడ, కాళ్లు పొంగి రెండు నెలలైంది. మందు ఏది వెయ్యాలో తేలాలంటే ముక్క రావాలి. మాటల మనిషి. బోర్లా పడుకుని దిండులోకే మాట్లాడుతోంది. "బాబూ, మా ఆడపడుసుకి కూడా ఇలాగే పొంగినాయి. ఆవిడికి నాటు మందు..."

"అమ్మా, ఊపిరి పీల్చి బిగబట్టాలి. అప్పుడు మాట్లాడకూడదు. కదిలితే సూది గీసుకుంటుంది."

"మాటాడను బాబూ. నానసలు ఎక్కువ మాటాడను. మా ఇంట్లో అడగండి."

ఆ చోటు వరకే మత్తు ఇచ్చి సూది దించాను. మెత్తగా ఆగింది. వేలు కదిలింది, ఆపాను. మేడం నా భుజం వెనకే ఉంది. ఇంకొంచెం. సన్నటి బిగువు తగిలింది. ఆవిడ ఊపిరితో పాటు సూది పిడి నెమ్మదిగా ఊగడం మొదలుపెట్టింది. కిడ్నీ ఊపిరితో కదులుతుంది, కొవ్వు అంత కదలదు.

"ఇప్పుడు, అమ్మా. పీల్చి బిగబట్టు."

ఊగడం ఆగింది. టప్.

సూది బయటికి తీశాను. ముక్క ఉప్పునీట్లో అడుక్కి దిగింది. టెక్నీషియన్ భూతద్దం కింద పెట్టి చూసి, "ఎర్ర చుక్కలున్నాయి సార్, చాలా ఉన్నాయి" అన్నాడు. ఆ చుక్కలే రక్తాన్ని వడగట్టే జల్లెళ్లు; వాటిలోనే ఆవిడ జబ్బు పేరు ఉంది.

"రెండోది కూడా తియ్యండి," అంది మేడం. అంతే. మెచ్చుకోలేదు. తను తీసుకోకుండా సూదిని నావైపు జరిపింది. ఆవిడ చేత మళ్లీ ఊపిరి బిగబట్టించి నొక్కాను, రెండోదీ వచ్చింది.

"బాబూ," దిండులోంచి నలిగిన గొంతు, "ఊపిరి ఒగ్గెయ్యొచ్చా? పోయేలాగున్నాను."

"ఎప్పుడో వదిలెయ్యొచ్చమ్మా!"

"మరి సెప్పరేటి?"

మేడం మొదటిసారి నవ్వింది. నేను దూది మడిచి సూది దిగిన చోట అరచేత్తో నొక్కి పట్టుకున్నాను. లోపల రక్తం కారకుండా కాసేపు అలాగే నొక్కాలి. అరచెయ్యి నొప్పెడుతోంది. ఆవిడ తన ఆడపడుచు కథ మళ్లీ మొదటినుంచీ ఎత్తుకుంది. టెక్నీషియన్ సీసాలకి మూతలు బిగిస్తున్నాడు. మేడం తలుపు దగ్గర ఆగి, "మంగళవారం ఇంకొకరున్నారు" అని వెళ్లిపోయింది.

నేను చెయ్యి తియ్యలేదు. ఇంకా నొక్కుతూనే ఉన్నాను.