బుడాన్ చూసిన బాతు

బాపట్ల దిగువన జమ్ము మొలిచిన చిత్తడిలోకి వేటకు వచ్చే పెద్దమనుషులకు బుడాన్ లేకపోతే పని జరిగేది కాదు. పిట్ట నీళ్ల మీద పడేసరికి అతను తొడలోతు బురదలో ఉండేవాడు. ప్రాణం పోకముందే బిస్మిల్లా అని కత్తి పెట్టాలి. పోయిందంటే అతని వాటాకొచ్చే పిట్ట ఇంట్లో ఎవరికీ పనికిరాదు. అందుకే ఎవరైనా తుపాకీ కంటికి ఆనించగానే బుడాన్ కాళ్లు వాటంతట అవే కదిలేవి. ఇరవై ఏళ్లలో ఒట్టి సంచితో ఇల్లు చేరింది లేదు, ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడిందీ లేదు.

యాభై ఎనిమిది చలికాలంలో, కాలేజీలో పాఠాలు చెప్పే చెంచురామయ్యగారు తెల్లారుతూనే అతన్ని వెంటబెట్టుకుని చిత్తడికి వచ్చారు. చేతిలో తుపాకీ లేదు. మెడలో తోలుపట్టీకి జంట గొట్టాలేవో వేలాడుతున్నాయి. కొత్తరకం తుపాకీ కాబోలనుకున్నాడు బుడాన్. ఆయన వాటిని కళ్లకు ఎత్తారో లేదో, లుంగీ ఎగ్గట్టి, కత్తి తీసి, దభీమని బురదలోకి దూకాడు. ఉన్న పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

"ఏం వెతుకుతున్నావు?" అడిగారాయన.

"పడ్డదాన్నండి."

"ఏదీ పడలేదు. చూశానంతే."

"చూసి ఏం చేస్తారండి?"

"పుస్తకంలో రాసుకుంటాను."

బుడాన్‌కు బుర్ర తిరిగిపోయింది. పిచ్చేమో అనుకుందామంటే మనిషి నిక్షేపంగా ఉన్నాడు. అప్పుడాయన నెమ్మదిగా చెప్పారు. తలమీద రెండు నల్లచారలున్న బాతు మంచుకొండల అవతలి నుంచి వస్తుందట. దానికోసం మూడేళ్లుగా తిరుగుతున్నారట. ఇప్పుడు లేచిపోయినవాటిలో అదీ ఉందట. రేపే బదిలీ మీద వేరే ఊరు వెళ్లిపోతున్నారట. తిట్టినా బాగుండేది, తిట్టలేదు. కత్తి మొలలో దోపుకుని, ఇటు రండంటూ దారి తీశాడు బుడాన్.

ఏ తుపాకీవాడికీ చూపించని మడుగొకటి అతనికుంది, తను ఉచ్చులు పెట్టుకునే చోటు. బెదిరిన బాతులు అక్కడికే చేరతాయి. ఆయన్ని తీసుకెళ్లి జమ్ములో కూర్చోబెట్టాడు. ఎండెక్కాక చారల బాతు దిగింది. గొట్టాలు లేచాయి. బుడాన్ తన మోకాళ్లను రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆయన కళ్లు తుడుచుకుని గొట్టాలు అతని చేతికిచ్చారు. వాటిలోంచి చూస్తే బాతు చెయ్యి చాస్తే అందేటట్టుంది. ముక్కు చివర నీటిచుక్క. వేల పిట్టల్ని పట్టినవాడు బుడాన్. చేతికొచ్చాక అన్నీ ఒకే చూపు చూసేవి. ఇది ఆ చూపు కాదు. మరి ఏం చూపో అతనికి అంతుపట్టలేదు.

"ఏం తెచ్చావయ్యా?" అంది ఇంట్లో భార్య మస్తాన్‌బీ, సంచి దులిపి చూస్తూ.

ఆ ఆదివారం తుపాకీవాళ్లు వచ్చారు. మోత వినిపించింది, బాతొకటి నీళ్లలో పడి రెక్కలు కొట్టుకుంది. బుడాన్ కత్తి పట్టుకుని ఒడ్డునే నిలబడ్డాడు. కాసేపటికి రెక్కలు ఆగిపోయాయి.

"ఏరా, నిద్రపోతున్నావా?" అని అరిచాడొకాయన.

"చూస్తున్నానండి" అన్నాడు బుడాన్. ఎందుకో అతనికే తెలియదు.