మంగరాజుగారి తెల్లపంచె

అమలాపురంలో పెళ్ళి ఫోటోలకు రంగులు సరిచేసే వెంకటదుర్గది బండారులంక. తండ్రి నూలుకు రంగులు వేసేవాడు. కోరిన రంగు రాకపోతే జనం చేసే గొడవ ఆమె చిన్నప్పుడే చూసింది. అయితే చీర రంగు గొడవ ఒంటి రంగు గొడవ ముందు ఏ మూలకూ రాదని ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది.

మొన్న వేసవిలో కాట్రేనికోన పెళ్ళి ఒకటి వచ్చింది. ఫోటోగ్రాఫరు రాత్రి బల్బుల వెలుతురుకి పెట్టిన సెట్టింగు మార్చకుండానే, మర్నాడు పొద్దున్న పందిట్లో జరిగిన వ్రతం ఫోటోలు తీసేశాడు. అందరూ నీలంగా, కృష్ణుడి వేషాలు కట్టినట్టు వచ్చారు. వాటిని చూడ్డానికి పెళ్ళికొడుకు పెదనాన్న మంగరాజుగారు భార్య రామలక్ష్మిగారితో దుర్గ దగ్గరికి వచ్చారు. ఆయన కొబ్బరితోటల ఆసామి, నిగనిగలాడే నల్లటి మనిషి.

“ఏవిటమ్మా, మా వంశమంతా విషం తాగినట్టున్నాం?”

“కంగారు పడకండి బాబాయిగారూ. ఇవి రా ఫైళ్ళండి. పచ్చి సరుకన్నమాట. వండుకోవడం మన చేతిలో ఉంది.”

“అయితే నన్ను కాస్త తెల్లగా వండు.”

“ముందు ఫోటోలో నిజంగా తెల్లగా ఉన్నదేదో కంప్యూటరుకి చూపించాలండి. దాన్నిబట్టి మిగతా రంగులు సర్దుతుంది.”

“నా పంచె ఉందిగా! ఊళ్ళో అంత తెల్లపంచె ఇంకోటుంటే చూపించు.”

ఆ పంచె సంగతి దుర్గ ఎప్పుడో కనిపెట్టింది. అయినా “ఆయ్, మీరెలా చెబితే అలాగేనండి” అని పంచె మీద నొక్కింది. మరుక్షణం పందిట్లో అందరూ పసుపుపచ్చగా మారిపోయారు.

“ఇదేవిటి, అందరికీ కామెర్లొచ్చేయి!”

“మీ పంచెకి నీలిమందు ఎక్కువైందండి. అదే తెలుపనుకుని, ఆ నీలాన్ని విరగ్గొట్టడానికి పసుపు కలిపేసింది.”

“నా పంచె తెలుపు కాదా?” మంగరాజుగారు రోషంగా భార్యవైపు తిరిగారు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఇంకో మూత, ఇంకో మూత అని మీరే కదండీ పోయించేరు!”

దుర్గ ఈసారి ఫోటోలో పూజపళ్ళెంలో ఉన్న కొబ్బరిచెక్క తెలుపు మీద నొక్కింది. మామిడాకులు ఆకుపచ్చగా, మనుషులు మనుషుల్లా వచ్చారు. తన అసలు రంగు చూసుకుని మంగరాజుగారు నీరసపడ్డారు.

“నన్నొక్కణ్ణీ తెల్లగా చెయ్యమ్మా.”

దుర్గ ఆయన ముఖం ఒక్కటీ పట్టుకుని తెల్లబరచింది. “ఇంకొంచెం,” అన్నారాయన. తెలుపు ఇంకొంచెం పెంచింది. “ఇంకొంచెం.” ఆయన ఆపమనేదాకా ఆపకూడదని ఆమె నిశ్చయించుకుంది. కుంకుమబొట్టు గులాబీరంగుకి తేలింది. మీసం బూడిదైంది. ముఖం వరిపిండిలో ముంచి తీసినట్టుంటే, చేతులు మాత్రం పాత రంగులోనే ఉన్నాయి.

“ఆఁ! చాలు, అద్భుతం!”

రామలక్ష్మిగారు తెరలోకి తొంగి చూశారు. “అమ్మాయ్, ఈ పరాయి మగాడి పక్కన నన్నెందుకు కూర్చోబెట్టేవు? నన్నిందులోంచి తీసెయ్.”

“అదేం మాటే, నేనే కదా!”

“మీరు కాదండీ. మా ఆయన నల్లగా, కళగా ఉంటారు. నేను చూసి ఇష్టపడి చేసుకున్నది ఆయన్నే.”

నవ్వుతూ మొదలుపెట్టిన మాట, చివరికొచ్చేసరికి నవ్వులాటగా లేదు. మంగరాజుగారు భార్యని చూసి, దుర్గవైపు తిరిగారు.

“ముందున్నట్టే ఉంచెయ్యమ్మా.”

ఆల్బం ఇవ్వడానికి దుర్గ కాట్రేనికోన వెళ్ళేసరికి ఇంటినిండా చుట్టాలు. మంగరాజుగారు ఫోటో మీద వేలు పెట్టి అందరికీ చెబుతున్నారు.

“నేనే దగ్గరుండి చేయించేనండి. ఒంటి రంగు ముట్టుకున్నావంటే ఊరుకోనన్నాను. మనకి కల్తీ గిట్టదు. ఏమ్మా?”

“ఆయ్” అంది దుర్గ, బొబ్బట్టుతోపాటు నవ్వునీ మింగేస్తూ.