తలుపులు తెరుచుకోవాల్సిన కారు

2011 సెప్టెంబరులో నేను భూపాలపల్లిలో బొగ్గు గనుల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా ఉన్నాను. మా దగ్గర ఫిట్టర్లు, వెల్డర్ల మీద చార్జ్‌హ్యాండ్ ఉంటాడు, అతని మీద ఫోర్‌మన్, ఆ పైన ఇంజనీరు. గని లోపల తిరిగేదైనా, పైన తిరిగేదైనా, విరిగితే మా షెడ్డుకే వచ్చేది. ఆ నెలలోనే ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. గనులు ఆగాయి, మేమూ ఆగాం. పొద్దున శిబిరంలో కూర్చుని నినాదాలివ్వడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకోవడం. ఏళ్ల తరబడి ఇనుముతోనే బతికినవాణ్ని, ఖాళీగా కూర్చోవడం చేతకాక ఇంట్లో బాగున్న ఫ్యానుకు కూడా రిపేరు చేశాను.

అలాంటప్పుడు జనగామ నుంచి యాకూబ్ పాషా ఫోన్ చేశాడు. ఐటీఐలో నాతో చదివినవాడు. జనగామలో హైదరాబాదు రోడ్డు మీద అతనికి డెంటింగ్ షెడ్డు ఉంది. గుద్దుకున్న బండ్ల సొట్టలు తీసి, రేకు పని చేసిపెడతాడు.

"సారయ్యా, జర వచ్చిపో. ఒక కారు కప్పు కోసిన. ఇప్పుడు తలుపులు పడ్తలేవు," అన్నాడు.

సమ్మెతో బస్సులు లేవు. శిబిరంలో చెప్పి మోటారు సైకిల్ తీశాను.

షెడ్డులో ఉన్నది పాత అంబాసిడర్. దాని యజమాని రాఘవరెడ్డి, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి రైతు, అరవై దాటిన మనిషి. ఆయనకు రోడ్‌స్టర్ కావాలి. అంటే కప్పు లేకుండా, ముందు ఇద్దరే కూర్చునేలా, నేలకు దగ్గరగా ఉండే బండి. వెనక సీటు ఉన్నచోట వంపు తిరిగిన రేకు మూత రావాలి, ముందు చక్రాల మీద పెద్ద రెక్కలు పోయి సన్నటి మడ్‌గార్డులు రావాలి. ఏదో పత్రికలోని రంగుల బొమ్మ చింపుకొచ్చి షెడ్డు గోడకు అంటించాడు. ముసలితనంలో పటేలుకు సోకు పుట్టిందని ఊరంతా నవ్వుకుంటోందట. 

యాకూబ్ రేకు పనిలో ఆరితేరినవాడే, కానీ కప్పు మొత్తం తీసిన కారు అతని చేతిలోకి ఎప్పుడూ రాలేదు. లారీకి కింద విడిగా చాసిస్ ఉంటుంది. పైన ఏం కోసినా బరువు మోసేది అదే. ఇలాంటి కారుకు అలా కాదు. నేల, పక్కలు, కప్పు కలిసి ఒక పెట్టెలా బరువు మోస్తాయి. కప్పు పోతే పెట్టె బలం పోతుంది. ఆ కారు సరిగ్గా నడుము దగ్గర కుంగింది. తలుపులు ఇమడాల్సిన చోటు వంకర తిరిగింది.

నేను సులువైన దారి చెప్పాను. వెనక తలుపులతో పాటు ముందు రెండు తలుపులూ మూసేసి, చుట్టూ వెల్డింగ్ చేసేస్తే పక్కలు గట్టిపడతాయి. ఇలాంటి కార్లు కట్టేవాళ్లు చాలామంది అలాగే చేస్తారు, గోడ దూకినట్టు దూకి కూర్చుంటారు. బొమ్మలో ఉన్న కారుకు కూడా తలుపు గీత కనిపించడం లేదని చూపించాను.

పక్కనే ఉన్న రాఘవరెడ్డి ముఖం పాలిపోయింది. "వద్దు. తలుపులు ముట్టకుండ్రి," అన్నాడు. యాకూబ్ నవ్వుతూ, "ఏంది పటేలా, దూకనీకి భయమా?" అన్నాడు. ఆయన నవ్వలేదు. "నాకోసం కాదు యాకూబూ," అని మొదలుపెట్టాడు.

ఆయన భార్య సత్యమ్మకు మూసి ఉన్న బండి పడదు. కారైనా బస్సైనా ఊరి పొలిమేర దాటకముందే వాంతులు. ఆమె చెల్లెలు ఉండేది భూపాలపల్లిలో. అక్కడికి రైలు లేదు. చెల్లెలు ఆరోగ్యం బాగాలేక రాలేకపోతోంది, అక్క పోలేకపోతోంది. ఇద్దరూ ఫోన్‌లోనే ఏడ్చుకుంటున్నారు. ఓపెన్ జీపు మాట్లాడితే సత్యమ్మ మోకాళ్లు వంగక దాన్ని ఎక్కలేకపోయింది. గాలి తగలాలి, కానీ ఎక్కడం ఉండకూడదు. బొమ్మలో కారు చూడగానే ఆయనకు దారి దొరికింది.

"ఊళ్లె చెప్తే మా ఆమెనే నవ్వుతరు. నన్ను నవ్వితే నవ్వనీ," అన్నాడు.

ఆ మాటతో పని మారిపోయింది. తలుపులు తెరుచుకోవాలి, గడప, అంటే తలుపు కింది అంచు, తక్కువ ఎత్తులో ఉండాలి, బండి కుంగకూడదు. మూడూ ఒకదానికొకటి అడ్డం పడేవే. బలం కోసం దూలం వేయాలంటే గడప దగ్గర వేయడమే తేలిక, కానీ గడప లేచిందంటే ఆమె కాలు లేవదు. అందుకే దూలాలు నేల కిందికి తీసుకుపోయాం. కారును స్టాండ్ల మీద నిలబెట్టి, నడుము కింద జాకీ పెట్టి కొంచెం కొంచెంగా లేపాం. తలుపు చోటును ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపుతో కొలిచాం, మళ్లీ మిగిలిన రెండు మూలల మధ్య కొలిచాం. రెండు కొలతలూ కలిసినప్పుడు వంకర పోయినట్టు. అప్పుడు కింద రెండు వైపులా బాక్సు పైపులు, వాటి మధ్య అడ్డ పైపులు పెట్టి, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి చొప్పున చిన్న చిన్న వెల్డింగ్ టాకాలు వేశాం. ఒకే వైపు వరసగా వెల్డింగ్ చేస్తే వేడికి రేకు గుంజుకుంటుంది.

కష్టమంతా కరెంటుతోనే. బొగ్గు అందక గంట ఉంటే రెండు గంటలు పోయేది. "మీరు బొగ్గు బంద్ పెడ్తిరి, నా వెల్డింగ్ బందాయె. పంచాది నీతోనే పెట్టుకోవాలె," అని యాకూబ్ రోజూ నన్ను తిట్టేవాడు. "తెలంగాణ వచ్చినంక కరెంటు అడుగు," అనేవాణ్ని. కరెంటు లేనప్పుడు సుత్తి, చెక్క దిమ్మె పట్టుకుని వెనక మూతను వంపు తిప్పేవాళ్లం. బండి నేలకు దగ్గరగా దిగడానికి వెనక స్ప్రింగు కమాన్ పట్టీల్లో ఒకటి తగ్గించాం.

ఒక మధ్యాహ్నం ట్రాక్టరు ట్రాలీ షెడ్డు ముందు ఆగింది. అందులోంచి ఇద్దరు కుర్చీతో సహా దించితే, వాళ్ల చేతులు పట్టుకుని సత్యమ్మ లోపలికి వచ్చింది. కారును పాడు చేస్తున్నాడని ఎవరో చెప్పారట. కప్పు లేని బండిని చూసి భర్తను కడిగేసింది. "మంచిగున్న కారుకు గుండు కొట్టించినవేందయ్యా?"

రాఘవరెడ్డి తలుపు తెరిచి నిలబడ్డాడు. ఆమె అనుమానంగా చూసి, ముందు కూర్చుంది, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకుంది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. అది తనకే అర్థమై, తలుపును ఒకసారి మూసి, మళ్లీ తెరిచి చూసింది. ఆ తర్వాత, "గీ సీటు గట్టిగున్నది, బాపూ. దూది వెయ్యి," అంది యాకూబ్‌తో.

బండి ఆకారం మార్చాలంటే ముందు రవాణా కార్యాలయం అనుమతి ఉండాలి. పని అయ్యాక ఇన్‌స్పెక్టరు చూసి, మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో ఎక్కించాలి. అనుమతి రాఘవరెడ్డి ముందే తీసుకున్నాడు. కానీ ఇన్‌స్పెక్టరు కూడా సమ్మెలోనే ఉన్నాడు, జనగామ చౌరస్తా శిబిరంలో. మేం పోయి అడిగితే, "సమ్మెల ఉన్న. పాస్ జేయ, ఫెయిల్ జేయ. ఉత్తగ జూస్త పా," అన్నాడు. చూసి, మడ్‌గార్డులు ఇంకా వెడల్పు లేకపోతే కంకరరాయి ఎగిరి ఎదుటివాళ్లకు తగులుతుందని చెప్పాడు. మార్చాం. సమ్మె ముగిశాక పత్రం మీద సంతకం ఆయనే పెట్టాడు.

నేను డ్యూటీకి వెళ్లిపోయాను. రాఘవరెడ్డి దంపతులు భూపాలపల్లికి బయలుదేరిన ఆదివారం సత్యమ్మ చెల్లెలి ఇంటి ముందు నేనూ నిలబడ్డాను. రావాల్సిన వేళ దాటిపోయింది. దారంతా గుంతలు. టాకాలన్నీ ఒక్కొక్కటే మనసులో లెక్కపెట్టుకుంటూ చెమటలు తుడుచుకున్నాను.

చివరికి, కొత్తగా ఎర్ర రంగు వేసుకున్న ఆ కారు మలుపు తిరిగింది. అద్దం మీద ఎవరో జై తెలంగాణ అని రాశారు. సమ్మె ముగిసినా ఉద్యమం ఆగలేదు; పరకాల దగ్గర నిరసనగా రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు జరుగుతుంటే ఆపారట. కారు చుట్టూ మూగి, దంపతులకు విస్తరి వేసి తినిపించిగానీ వదల్లేదట.

"పులిహోర తిన్న సారయ్యా! రెండుసార్లు పెట్టించుకున్న. కడుపుల ఏం గాలే," అని సత్యమ్మ గట్టిగా చెప్పింది. చెల్లెలు గోడ పట్టుకుని గేటు దాకా వచ్చింది. వాళ్లిద్దరి మధ్య మనకు పని లేదని నేను వంగి గడప కిందికి చూశాను. పైపులు చెక్కుచెదరలేదు. తలుపు, పక్క రేకు మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉంది, బండి కుంగలేదు.

ఆ తర్వాత పదవీ విరమణ వరకు ఎవరు బండి మార్చమని వచ్చినా, ఎట్లా కనిపించాలని కాక, అందులో ఎవరు కూర్చుంటారని ముందు అడిగాను. కోత ఎక్కడ పెట్టాలో తేలేది ఆ జవాబుతోనే.