నొసటి మీది అద్దాలు

కేసముద్రం మార్కెట్‌లో మక్కలు, అదే మొక్కజొన్నలు, కొనే ఈశ్వరయ్యకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటైతే, యార్డు పెట్టిన పేరు ఇంకొకటి. సోడాబుడ్డి సేటు. ఏడో తరగతి నుంచీ ముక్కు మీద ఆ మందపాటి అద్దాలే మరి. ఆ పేరుతో పిలిస్తే ఆయన తల తిప్పడు. నలభై ఎనిమిదేళ్లు వచ్చినా ఆ మాట గుచ్చుకోవడం మానలేదు.

గింజ చూడడంలో మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. కుప్పలోంచి గుప్పెడు తీసి, అద్దాలు నొసటి మీదికి నెట్టి, అరచేతిని ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుంటాడు. అప్పుడప్పుడే పట్టిన బూజు, పురుగు పొడిచిన సన్నటి కన్నం, ఏదీ ఆయన కన్నుగప్పి పోలేదు. "వాసన జూస్తున్నవా సేటూ?" అని తండాల రైతులు నవ్వుతారు. నవ్వుతూనే ఆయన చెప్పిన ధరకు ఒప్పుకుంటారు. లేని బూజును ఉందని ఆయన ఏనాడూ అనలేదు.

ఈ మధ్య కూతురు సుమ తన అద్దాలు పోవాలని కళ్లకు లేజర్ ఆపరేషన్ చేయించుకుంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, రెండేళ్లుగా పవర్ మారలేదు, ఇట్టే అయిపోయింది. మర్నాడు మంచం మీది నుంచే గోడ గడియారం చూసి టైం చెప్పింది. ఈశ్వరయ్యకు కడుపు నిండిపోయింది. వెంటనే ఆశ కూడా పుట్టింది.

"నేను గూడ చేయించుకుంట బిడ్డా. ఒక్కనాడన్న గా పేరు లేకుంట బతకాలె" అన్నాడు.

"గీ వయసుల సోకులేంది?" అంది భార్య సుగుణ. ఆయన వింటేగా!

సుమను వెంటబెట్టుకుని వెళితే, హనుమకొండ కంటి దవాఖానలో డాక్టర్ సౌందర్య పరీక్షలన్నీ చేసింది. కార్నియా మందంగానే ఉంది, షుగర్ లేదు, పవర్ నిలకడగా ఉంది. ఆ మాటలకు ఈశ్వరయ్య మొహం వెలిగిపోయింది.

"ఆపరేషన్ చెయ్యొచ్చండీ. మీరు చేసే పనేంటి?" అని అడిగింది డాక్టరు.

ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మక్క గింజలు తీసి అరచేతిలో పోసుకున్నాడు. రెండో చెయ్యి అలవాటుగా అద్దాల మీదికి పోయింది.

"ఆగండి. అద్దాలు తియ్యకుండా చూడండి."

చూశాడు. పచ్చటి ముద్ద తప్ప ఏమీ కనబడలేదు. చెయ్యి దూరం జరిపాడు. గింజలని తెలిసింది గానీ బూజు ఉందో లేదో తెలియలేదు.

"ఈ వయసుకు దగ్గరి చూపు తగ్గుతుంది. మీరు అద్దాలు పైకి నెట్టి పని నడుపుకుంటున్నారు. లేజర్ చేస్తే దూరం బాగుంటుంది. కానీ అది అద్దాలను కంట్లోనే పెట్టేసినట్టు, పైకి నెట్టడం ఇక కుదరదు. గింజ చూడడానికి వేరే అద్దాలు పెట్టుకోవాలి. అవి పెట్టుకున్నా ఇంత వివరంగా కనబడదు. మీ అమ్మాయికి ఆ వయసు ఇంకా రాలేదు. ఆలోచించుకుని చెప్పండి."

తిరుగు రైల్లో ఈశ్వరయ్యకు చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. "ఏం జేద్దాం బాపూ?" అని సుమ అడిగితే, చూద్దాం అన్నాడు.

మర్నాడు యార్డులో తండా రైతు గోప్యా ట్రాక్టర్ దగ్గర దిగాలుగా నిలబడి ఉన్నాడు. అతని మక్కలకు బూజు పట్టిందని ఇద్దరు ఖరీదుదారులు పెదవి విరిచి పోయారు. దూరంగా ఈశ్వరయ్య కనబడగానే కేక పెట్టాడు.

"సోడాబుడ్డి సేటూ! జర నువ్వొచ్చి చూడే!"

ఈశ్వరయ్య తల తిప్పాడు. నేరుగా వెళ్లి గుప్పెడు తీసి, అద్దాలు నొసటి మీదికి నెట్టి, చాలాసేపు చూశాడు. ఒక గింజను బొటనవేలితో రుద్దాడు.

"బూజు గాదు గోప్యా, మట్టి. నేనే కొంట" అన్నాడు.

గోప్యా ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ చెయ్యి విడిపించుకున్నాక ఈశ్వరయ్య సుమకు ఫోన్ చేశాడు. డాక్టరమ్మకు వద్దని చెప్పమన్నాడు. బజారుకు పోయి వచ్చేటప్పుడు అద్దాలు తుడుచుకునే మెత్తటి గుడ్డ ఒకటి తెమ్మన్నాడు.