ఎర్త్ గుంత తడిసేదాకా

ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఆగింది ఒక ఆడదాని మొండితనం వల్లేనని ఇప్పటికీ అంటారు. నిజమే. ఆ మొండితనం దేనికో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే నేనే రాస్తున్నాను.

ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా రోడ్డు పక్కన ఇప్పగింజల నుంచి నూనె తీసే ఫ్యాక్టరీ మాది. గింజల పిండిలోంచి పెట్రోలు లాంటి హెక్సేన్‌తో నూనె లాగుతారు. దాని ఆవిరి అంటుకోవడానికి ఒక నిప్పురవ్వ చాలు. ఆ ట్యాంకు మట్టం చెప్పే పరికరానికీ కంట్రోల్ రూముకూ మధ్య తీగ మీద చిన్న బారియర్ పెట్టె ఉంటుంది. కంట్రోల్ రూము వైపు నుంచి కరెంటు ఎంత విరుచుకుపడినా భూమిలోకి మళ్లించి, నిప్పు పుట్టేంత శక్తిని ట్యాంకు వైపు పోనివ్వదు. అయితే ఎర్త్, అంటే భూమిలోకి దారి, బాగుండాలి. ఈ పరికరాలు చూసుకునే పని నాది. ఇంటర్‌తో చదువు ఆగినదాన్ని. ఇదంతా జగదల్‌పూర్ లైబ్రరీలో, పక్కన నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్నాను. గర్వంగానే చెబుతున్నాను.

వానలకు ముందు పిడుగు పడి బారియర్ కాలిపోయింది. ట్యాంకు మట్టం సిగ్నల్ లేనిదే పంపు కదలదు, ప్లాంటు నడవదు. కొత్తది బిగించే ముందు ఎర్త్ కొలిచాను. మీటరు ముల్లు ఎక్కడో పైన ఉంది; అది కిందికి దిగితేనే దారి బాగున్నట్టు. ఉప్పు, బొగ్గు వేసి వేసవంతా నీళ్లు పోయాల్సిన ఎర్త్ గుంత నెర్రెలిచ్చింది.

"తాతా, గుంతకి నీళ్లు పోస్తలేవా?" అని వాచ్‌మన్‌ను అడిగాను.

"గింజల మూటలతోని ఆడోళ్లు ఎండల నిలబడ్డరు. డ్రమ్ముల నీళ్లు ఆళ్లకే పోసిన. గుంతకి దూపైతదా ఏంది?"

నేనైనా అదే చేసేదాన్ని.

కోస్తా నుంచి వచ్చిన మేనేజర్ గారు తొందరపడ్డారు. "బిగించెయ్యమ్మా, రీడింగ్ వచ్చేస్తుంది కదా."

"రీడింగ్ వస్తది సార్. కాపలా ఉండదు."

"నాకు మాత్రం తెలీదా? గోదాము నిండిపోయింది. ప్లాంటు నడిస్తేనే బయటి గింజలు దిగేది. మబ్బు చూడు. తడిస్తే వాటినెవరు కొంటారు?"

ఆయన మాటా అబద్ధం కాదు. కానీ ట్యాంకు పక్క షెడ్డులో మనుషులు పనిచేస్తారు. బారియర్ చేతిలో పట్టుకుని ప్యానెల్ ముందు కూర్చున్నాను.

"రేపట్నుంచి గింజలు తూచే కాటా దగ్గర కూర్చో అయితే!"

"కూర్చుంటా సార్. గుంత తడవకుండ ఇది మాత్రం బిగించ."

ఎర్రబోరు నుంచి వచ్చిన ఫిట్టర్ నవ్వాడు. "వాన పడితే గుంత అదే తడుస్తది గదక్కా, అందాక కూసుంటవా?" అంటూనే బిందె అందుకున్నాడు. బోరింగు నుంచి ఇద్దరం మోశాం. గేటు దగ్గర ఒక పెద్దమ్మ అరిచింది: "నీ పుస్తకాలు మా గింజలు కొంటయా బిడ్డా?" గోదాములోని తాడిపత్రి పట్టా తెచ్చి మూటల మీద కప్పాను. అందరివీ కప్పడానికి అది చాలలేదు. చినుకులు మొదలయ్యాయి. కొన్ని మూటలు తడిశాయి.

ముల్లు దిగాకే బారియర్ బిగించాను. మర్నాడు నన్ను కాటాకి మార్చారు. ఇంకో మధ్యాహ్నం అలాంటిదే వస్తే మళ్లీ అలాగే కూర్చుంటాను.

ఫ్యాక్టరీలో పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఇలాగే చెబుతాను. బిందెలు మోసిన ఫిట్టర్ తమ్ముడికి, దాహం తీర్చిన తాతకు, గడువు దాటినా పుస్తకం వెనక్కి అడగని లైబ్రరీ మేడమ్‌కు, తడిసిన మూటలు ఎత్తుకుని నన్ను తిట్టుకుంటూ వెళ్లిన ఆ పెద్దమ్మకు నా దండాలు.